గుర్తు దారాలు

ఆనందం అని పేరు పెట్టినవాళ్లు, పెద్దయ్యాక ఆయన ఎలా తయారవుతాడో ఊహించి ఉండరు. కొత్తిమీర కట్ట కొన్నా విప్పి, మధ్యలో గడ్డి పెట్టలేదని తేలాకే సంచిలో వేస్తాడు. పాలవాడు పోసి వెళ్లాక గిన్నెలో వేలు ముంచి, గోటి మీద చుక్క నిలుస్తుందో జారుతుందో చూస్తాడు. అలాంటి మనిషి యాభై మూడో ఏట సొంతానికి కంప్యూటర్ కొనాలని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణం మెట్లెక్కాడంటే, ఆ దుకాణదారుడి పాత పాపమేదో పండిందనే అనుకోవాలి.

దుకాణం రెండో అంతస్తులో ఉంది. కింద రోడ్డువార సమ్మె శిబిరం. సకల జనుల సమ్మె మొదలై పది రోజులు దాటింది. షామియానా కింద టీచర్లు, ఆర్టీసీ వాళ్లు, మునిసిపల్ వాళ్లు చాపల మీద కూర్చుని వంతులవారీగా మైకులో మాట్లాడుతున్నారు. కరెంటు స్తంభానికి కట్టిన హారన్ సరిగ్గా రెండో అంతస్తు కిటికీకి ఎదురుగా ఉండటంతో, దుకాణంలో ఎవరేం చెప్పుకోవాలన్నా ఒకటికి రెండుసార్లు చెప్పుకోవాల్సి వస్తోంది. అద్దం తలుపు మీద ‘శ్రీ గౌతమి కంప్యూటర్స్’ అన్న అక్షరాల కింద ‘జై తెలంగాణ’ స్టిక్కర్ అంటించి ఉంది. తలుపు తోయబోయిన ఆనందం ఆ స్టిక్కర్ దగ్గర ఆగాడు. అభిమానంతో అంటించిందా, భయంతో అంటించిందా అని వంగి దాని అంచులు చూశాడు. అంచుల్ని బట్టి ఏమీ తేలలేదు.

దుకాణం సాంబమూర్తిది. తణుకు నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. అరవై దగ్గర పడిన మనిషి, సన్నగా, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలతో ఉన్నాడు. బస్సులు లేక పనివాళ్లు రావడం లేదు. ఒక్కడే కౌంటరులోనూ, వెనక బల్ల దగ్గరా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"నా ముందర్నే బిగియ్యాలె సారు. తయారు చేసి పెట్టింది నాకొద్దు" అన్నాడు ఆనందం.

"అలాగేనండి. కూర్చోండి" అని సాంబమూర్తి స్టూలు జరిపాడు. "ఏం పని చేస్తారండి దీని మీద?"

"చిటికి చీరలకు డిజైన్లు గీస్త."

పోచంపల్లి వైపు చిటికి చీరంటే ముందు నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసేది. ఏ పోగు ఎక్కడ తెల్లగా ఉండాలో, ఎక్కడ ఎర్రగా ఉండాలో గళ్ల కాగితం మీద ముందే గీసి ఇవ్వాలి. గడి తప్పితే చీర మొత్తం తప్పుతుంది. ఆనందం ఆ పని తొమ్మిదేళ్లు ఒక ఎగుమతుల కంపెనీలో, ఆపిల్ కంప్యూటర్ మీద చేశాడు. మొన్న శ్రావణంలో ఆ కంపెనీ రోజూ బంద్‌లంటే మావల్ల కాదని సామానంతా సర్దుకుని బెంగుళూరు వెళ్లిపోయింది. మిషన్లనూ తీసుకుపోయింది. ఆనందానికి మిగిలింది పాత డిజైన్లున్న నాలుగు సీడీలు, కొయ్యలగూడెం సావుకారు లచ్చయ్య చేతిలో పెట్టిన ఒక పని. దసరాలోపు ఏడు డిజైన్లు. పండుగ మర్నాడే నూలు ఎక్కించాలి కాబట్టి ఒక్క రోజు కూడా ఆగనని లచ్చయ్య ముందే చెప్పాడు. ఆగాల్సి వస్తే ఊళ్లోనే ఇంకో కుర్రాడున్నాడు, కంప్యూటర్ నేర్చినవాడు.

"ఆపిల్ మీద చేసిన చెయ్యా! అయితే దీనికి అలవాటు పడటానికి కొంచెం టైం పడుతుందండి. డిజైన్లు బరువు ఫైళ్లయితే మెమరీ ఎక్కువ వేయించుకోండి. వేరే డిస్‌ప్లే కార్డు కూడా ఉంటే మంచిది."

ఎక్కువ వేయించుకోమన్న మాట వినగానే ఆనందం వీపు నిటారుగా అయింది. "ఇప్పటికిది చాలు" అన్నాడు.

సాంబమూర్తి ఒక్కో డబ్బా కోసి ఒక్కో భాగం బయటికి తీస్తుంటే, ఆనందం అన్నిటినీ చేతిలోకి తీసుకుని, నూలు కొనేవాడు పోగును నలిపి చూసినట్టు అంచులు తడిమి తిరిగిచ్చాడు. నలిపితే తెలిసేది అందులో ఏమీ లేదని ఆయనకూ తెలుసు. అయినా తడిమాడు. భాగం బిగించే ముందు సాంబమూర్తి ప్రతిదాని మీదా గోరంత తెల్ల స్టిక్కర్ అంటించి, తేదీ వేసి, పొట్టి సంతకం పెడుతున్నాడు.

"ఇవేంది సారు?"

"వారంటీ గుర్తులండి. కొందరు ఇంటికెళ్లి మంచి సామాను తీసేసుకుని, పాడైపోయింది పెట్టి పట్టుకొస్తారు. ఇదుంటే మాదో కాదో తెలిసిపోతుంది."

"అంటే మేం మారుస్తమని."

"మిమ్మల్నని కాదండీ. అందరికీ వేస్తాం" అని సాంబమూర్తి నవ్వాడు. ఆనందం నవ్వలేదు. ఆ మాట ఎల్బీనగర్ దాకా షేర్ ఆటోలో ఆయన పక్కనే కూర్చుని వచ్చింది.

ఇంట్లో భార్య రాధమ్మ కొత్త మిషన్‌కు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టు ఆరకముందే ఆనందం పనికి కూర్చున్నాడు. కూర్చున్న గంటకే తెలిసింది, తొమ్మిదేళ్లు నేర్చుకున్నదంతా చేతులు కొత్తగా నేర్చుకోవాలని. తెర మీది కిటికీ మూసే గుర్తు ఆ మిషన్‌లో ఎడమ పక్కన ఉండేది, ఇందులో కుడి పక్కన ఉంది. బొటనవేలు అలవాటుగా పోయి నొక్కే చోట ఇక్కడ వేరే బటన్ ఉంది. గడి కాపీ చేయబోతే ఇంకేదో పట్టీ కిందికి జారుతోంది. ఇవన్నీ చేతి కష్టాలు, సర్దుకుంటాయిలే అనుకున్నాడు. కానీ సీడీలోంచి పాత డిజైన్ తెరిచి, ముక్కు తెరకు ఆనేంత దగ్గరకు వంగాడు. తన ఎరుపు తన ఎరుపులా లేదు. ఎండిపోయిన నెత్తురులా నల్లబడి ఉంది. పెట్టెలో దాచుకున్న ఎర్రనూలు చిలుపను, ఆ చిన్న పోగుల కట్టను తెచ్చి తెరకు ఆనించి చూశాడు. పొంతన లేదు.

"తెర పాతది అంటగట్టిండు" అన్నాడు.

"కొత్త డబ్బా నీ ముందర్నే కోసిండంటివి కద" అంది రాధమ్మ.

"డబ్బా కొత్తదే. లోపలిది ఎవరు జూసిండ్రు?"

మర్నాడు పొద్దున్నే నూలు చిలుప, సీడీ పట్టుకుని దుకాణానికి వెళ్లాడు. సాంబమూర్తి ఆ సీడీని తన కౌంటరు మీది కంప్యూటర్‌లో వేసి చూపించాడు. అక్కడా ఎరుపు అలాగే నల్లగా ఉంది. అద్దం తలుపు పక్కనున్న ఇంకో తెర మీదా అంతే.

"ఫైల్లో ఉన్న అంకెలు మారలేదండి. మీ పాత మెషిన్ ఆ అంకెల్ని కాస్త వెలుగుగా చూపించేది, ఇది కాస్త ముదురుగా చూపిస్తుంది. ఆ మెషిన్ పద్ధతి వేరు, దీని పద్ధతి వేరు. ఇందులో తప్పెవరిదీ లేదు" అని సాంబమూర్తి ఏదో పట్టీ తెరిచి, ఒక గీతను కొంచెం కొంచెంగా పక్కకు లాగాడు. ఎరుపు నెమ్మదిగా నూలు రంగు దగ్గరకు వచ్చింది. "ఇంటి దగ్గర మీరూ ఇలాగే చేసుకోండి. చిలుప పక్కన పెట్టుకుని చూసుకుంటే సరిపోతుంది."

ఆనందానికి సగమే నమ్మకం కుదిరింది. దుకాణంలో ఉన్న తెరలన్నీ ఇట్లాంటివే పెట్టుకున్నాడేమోనన్న అనుమానం మిగతా సగంలో ఉండిపోయింది. "ఇంకోటి. డిజైన్ తెరుచుకునేసరికి చాయ్ తాగి రావచ్చు" అన్నాడు.

"అందుకే చెప్పానండి నిన్న, మెమరీ ఎక్కువ కావాలని."

చెప్పిన మాట నిజమే. ఆ నిజం ఆనందానికి ఇంకా అనుమానంగా అనిపించింది. ముందు తక్కువది అమ్మి, ఇబ్బంది పడేలా చేసి, మళ్లీ రప్పించుకోవడం వ్యాపారుల పద్ధతి కాదా? కానీ దసరా పది రోజుల్లో ఉంది. మెమరీతో పాటు డిస్‌ప్లే కార్డు కూడా వేయాలని, అది సికింద్రాబాద్ నుంచి రావాలని, బంద్‌ల మధ్య సందు చూసి తెప్పిస్తానని, మిషన్ రెండు రోజులు దుకాణంలో వదలాలని సాంబమూర్తి చెప్పాడు. ఆనందం తలూపి ఇంటికి వచ్చాడు. రెండు రోజులు. తను లేకుండా. పైగా ఆ తెల్ల స్టిక్కర్లు ఆ మనిషి సొరుగులో దొంతరలుగా ఉన్నాయి.

ఆ సాయంత్రం స్క్రూలు విప్పి మిషన్ పక్క రేకు తీశాడు. రాధమ్మ బియ్యం ఏరుతూ చూస్తోంది. ఆనందం చిలుపలోంచి ఎర్రపోగులు మూడు తెంపి, హార్డ్‌డిస్క్‌కు ఒకటి, మెమరీ ముక్కకు ఒకటి, కరెంటు డబ్బా తీగకు ఒకటి కట్టాడు. రెండు ముళ్లు, బొటనవేలంత ఎడం, ఆ తర్వాత ఒక ఉచ్చు ముడి. ఊళ్లో అద్దకపు వాళ్లకు నూలు ఇచ్చేటప్పుడు ఆయన తండ్రి చిలుపకు వేసే ముడి అది. అద్దకం తొట్టిలో పది ఇళ్ల నూలు కలుస్తుంది. మంచి నూలు పోయి నాసినూలు రాకుండా ప్రతి ఇంటికీ ఒక గుర్తుండేది. వాళ్లింటి ముడిని ఇంకొకరు వేయలేరని తండ్రి గొప్పగా చెప్పుకునేవాడు.

"ఏందది?" అంది రాధమ్మ.

"గుర్తు. ఆయన గుర్తు ఆయన వేసుకున్నడు. నా గుర్తు నేను వేసుకుంటున్న."

"మిషన్‌కు గుర్తేంది. నూలా, చిలుపా? ఎవలన్న జూస్తే నవ్వుతరు."

"నవ్వనీ."

మర్నాడు మిషన్‌ను దుప్పట్లో చీరల మూటలా కట్టి, భుజాన వేసుకుని కొత్తపేట మీదుగా నడిచి దుకాణంలో దింపి వచ్చాడు. ఆ రెండు రోజులూ ఇంట్లో ఆయనకు తిండి సహించలేదు. గళ్ల కాగితం మీద చేత్తోనే గీయబోయాడు గానీ, చేయి ఆ వేగం ఎప్పుడో మరిచిపోయింది. రోజుకు మూడుసార్లు ఫోన్ చేశాడు. "వచ్చిందండి కార్డు. బిగిస్తున్నానండి" అని సాంబమూర్తి ప్రతిసారీ విసుక్కోకుండానే చెప్పాడు. విసుక్కోకపోవడం కూడా ఆనందానికి అనుమానంగానే తోచింది.

మూడో రోజు మిషన్ ఇంటికి వచ్చింది. తెరిచి డిజైన్ మీద నొక్కితే, రెప్ప వేసేలోపు తెరుచుకుంది. ఎరుపు చక్కగా ఉంది. ఆనందం నోట చాలా రోజుల తర్వాత ఒక కూనిరాగం వచ్చింది. మొదటి వరుస గళ్లు నింపాడు, రెండో వరుస మొదలుపెట్టాడు. పది నిమిషాలకు మిషన్ దానంతటదే ఆరిపోయింది. కరెంటు పోలేదు, పైన పంకా తిరుగుతూనే ఉంది. మళ్లీ వేస్తే ఐదు నిమిషాలు నడిచి ఆరిపోయింది. మూడోసారి రెండు నిమిషాలే.

ఆనందం చెమట తుడుచుకుని పక్క రేకు విప్పాడు. ముందు చూసింది దారాలనే. మూడు దారాలూ వాటి చోటనే ఉన్నాయి. కానీ ముళ్లు వేరు. రెండు ముళ్లు లేవు, ఎడం లేదు, ఉచ్చు లేదు. సంచి మూతికి కట్టినట్టు మామూలు ముళ్లున్నాయి.

"రాధమ్మా, ఇటు జూడు. ఈ ముళ్లు మనయి కావు."

రాధమ్మ వంగి చూసింది. మామగారి ముడి ఆమెకూ తెలుసు. ఇవి ఆ ముళ్లు కావని ఆమే ఒప్పుకుంది.

అనుమానం మనిషిని తినేస్తుందంటారు గానీ, అనుమానం నిజమని తేలితే కలిగే తృప్తి గురించి ఎవరూ చెప్పరు. ఆ నిమిషాన ఆనందానికి కలిగిన కోపంలో సగం ఆ తృప్తే. ఇన్నాళ్లూ ఇంటావిడ నవ్వింది, బజారు నవ్వింది. ఇప్పుడు చూడండి. ముళ్ల మీదే నిలిచిపోయిన ఆయన కళ్లు ఆ డబ్బాలో ఇంకేమీ చూడలేదు. రేకు మూసి స్క్రూలు బిగించాడు. దసరా ఆరు రోజుల్లో ఉంది. ఏడింట్లో ఒక్క డిజైనూ కాలేదు.

మధ్యాహ్నం సైదులు భోజనానికి వచ్చాడు. రాధమ్మ తమ్ముడు, ఆర్టీసీలో కండక్టరు. సమ్మెలో ఉన్నాడు. పొద్దంతా దిల్‌సుఖ్‌నగర్ శిబిరంలో కూర్చుని, ఆకలైనప్పుడు అక్క ఇంటికి వస్తున్నాడు.

"సామాన్లు మార్చిండు, సైదులు" అన్నాడు ఆనందం. "నాకు ఎరుకైంది."

ఎలా ఎరుకైందని సైదులు అడగలేదు. అడిగే ఓపిక అతనికి ఎప్పుడూ లేదు. కలిపిన ముద్ద కంచంలో వదిలి లేచాడు. "ఆంధ్రోడేనా? రేపు పొద్దుగాల పోదాం బావా. నేను మాట్లాడుత."

"లొల్లి పెట్టుకునేటట్టు పోకుండ్రి" అంది రాధమ్మ. ఆ మాట ఇద్దరూ వినలేదు.

పొద్దున పది గంటలకు ఆనందం మూటతో శిబిరం దగ్గరికి వచ్చేసరికి సైదులు అప్పటికే కథ చెప్పేసి ఉన్నాడు. అతని వెంట ముగ్గురు లేచారు. ఇద్దరు డిపో వాళ్లు, ఒకాయన రిటైరైన హెడ్‌మాస్టరు. ఐదుగురూ మెట్లెక్కి అద్దం తలుపు తోసేసరికి, కౌంటరు దగ్గరున్న ఇద్దరు కొనుగోలుదారులు మళ్లీ వస్తామని చెప్పి గోడవారగా జారుకున్నారు.

"ఏమైందండీ?" అన్నాడు సాంబమూర్తి. ఆనందం మొహం చూసి, వెనకున్నవాళ్ల మొహాలు చూసి, చేతిలో ఉన్న తువ్వాలు బల్ల మీద పెట్టాడు.

"ఏమైందో నువ్వే చెప్పాలె" అన్నాడు సైదులు. "నీళ్లు మార్చిండ్రు, కొలువులు మార్చిండ్రు. ఇగ మిషన్లల్ల సామాన్లు గూడ మార్చుడు షురూ చేసిండ్రా? పేదోడు పని లేక రోడ్డు మీద పడి, ఉన్నదంత ఊడ్చి మిషన్ కొనుక్కుంటే, దాంట్లకెల్లి మంచియి తీసి పాతయి పెడ్తవా?"

"నేను అలాంటి పని చేయనండి."

"చేసినోడు చేసిన అంటడా?" అన్నాడు డిపో మనిషి. రెండోవాడు తలుపు మీది ‘జై తెలంగాణ’ స్టిక్కర్ చూసి, "గిదొకటి అంటించుకుంటే అయిపోయిందనుకున్నడు" అన్నాడు.

సాంబమూర్తి ఆనందం వైపు చూశాడు. మీరైనా చెప్పండి అన్నట్టు చూశాడు. ఆనందం మూట విప్పే పనిలో ఉన్నట్టు తల దించుకున్నాడు. సైదులు అన్న మాటల్లో సగం తను చెప్పనివని ఆయనకు తెలుసు. కాదనడానికి అది సమయం కాదనుకున్నాడు.

"విప్పి చూద్దామండి. మీ అందరి ముందే" అన్నాడు సాంబమూర్తి. స్క్రూడ్రైవర్ రెండుసార్లు గాడిలోంచి జారింది. మూడోసారికి పట్టు దొరికింది. రేకు పక్కన పెట్టి, "ఇవిగోండి నా సంతకాలు. అన్నిటి మీదా ఉన్నాయి" అన్నాడు.

"స్టిక్కర్లు నీయే, సంతకం నీదే. ఇంకో పది అంటిస్తవు" అన్నాడు సైదులు.

అప్పుడు ఆనందం నోరు తెరిచాడు. "దారాల ముళ్లు మారినయి సారు. నేను కట్టినట్టు లేవు."

సాంబమూర్తి కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. అప్పటిదాకా మొహంలో ఉన్న బెదురు పోయి, అక్కడ తప్పు చేసినవాడి సిగ్గులాంటిది కనిపించింది.

"అవునండి. నేనే విప్పాను. ఈ కార్డు పొడుగండి. హార్డ్‌డిస్క్ తీసి పెడితేగాని లోపలికి దూరలేదు. మెమరీ కూడా మార్చాను కదా. దారాలు అడ్డమొచ్చాయి. అమ్మగారు పసుపూ కుంకుమా పెట్టి, పూజ చేసి కట్టించిన దారాలు... తీసి పారేయడానికి నాకు మనసొప్పలేదండి. కాళ్ల దగ్గర పడకుండా అదిగో ఆ పళ్లెంలో పెట్టి, చెయ్యి కడుక్కొచ్చి మళ్లీ దేని చోటున దాన్ని కట్టాను. మీ ముడి నాకు రాలేదు. ఎంతసేపు చూసినా అర్థం కాలేదు. మామూలుగా కట్టేశాను."

కింద మైకులో ఎవరో ఉపన్యాసం ముగించారు, చప్పట్లు వినిపించాయి.

సాంబమూర్తి టార్చి వెలిగించి డబ్బాలోకి వంగాడు. ప్రాసెసర్ మీదుండే చిన్న ఫ్యాన్‌ను వేలితో తిప్పబోయాడు. అది తిరగలేదు. పట్టకారు తీసుకుని రెక్కల అడుగున పెట్టి మెల్లగా లాగాడు. ఎర్రపోగు ఒకటి చుట్టలు చుట్టలుగా బయటికి వచ్చింది. మెమరీకి కట్టిన దారపు కొస పొడుగ్గా వేలాడి, ఫ్యాన్ గాలికి లోపలికి పోయి, ఇరుసుకు చుట్టుకుని దాన్ని బిగబట్టేసింది. ఫ్యాన్ తిరగక ప్రాసెసర్ కాగిపోయింది. కాగిపోయినప్పుడల్లా మిషన్ తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోయింది.

"తప్పు నాదేనండి" అన్నాడు సాంబమూర్తి. "కొస కత్తిరించి ఉండాల్సింది. దేవుడి దారానికి కత్తెర ఎలా పెడతామని వదిలేశాను. చూసుకోలేదు."

హెడ్‌మాస్టరు ముందుకొచ్చి ఆ పోగును చూశాడు. "పూజ దారానికి గంత మర్యాద ఇచ్చిండంటే మనిషి చెడ్డోడు కాదు తియ్" అన్నాడు.

"అయినా పని ఖరాబ్ చేసింది ఆయనే కద సార్. ఒప్పుకుంటుండు కూడ" అన్నాడు సైదులు. కోపాన్ని ఎక్కడ దింపాలో తెలియక కౌంటరు మీద అరచేత్తో కొట్టాడు. "ఈసారికి పోనిస్తున్నం. మల్ల మావోళ్లకు గిట్ల జేస్తే షట్టర్ దించుడే. బావా, బాగు చేయించుకోని కిందికి రా."

నలుగురూ దిగిపోయారు. సాంబమూర్తి పోగును చిక్కులు తీసి, మిగతా రెండు దారాలు కూడా విప్పి, మూడింటినీ పళ్లెంలో పెట్టి, రెండు చేతులతో ఆనందం ముందుంచాడు. ఇచ్చే ముందు వేళ్లు కళ్లకు అద్దుకున్నాడు.

ఆనందం తీసుకున్నాడు. ఎదుటి మనిషి కళ్లకద్దుకుని ఇచ్చిన దాన్ని తను ఎలా తీసుకోవాలో తోచక, తనూ కళ్లకద్దుకున్నాడు. ఆ క్షణంలో ఆయనకు కలిగినంత సిగ్గు బతుకులో ఎన్నడూ కలగలేదు. తండ్రి ముడిని, నాసినూలు రాకుండా వేసే ముడిని, దొంగ కోసం కాపు కాసిన ముడిని దేవుడి దారంలా మొహానికి అద్దుకుంటున్నాడు.

"కొత్త ఫ్యాన్ వేస్తానండి. వారంటీలోదే" అని సాంబమూర్తి సొరుగు తెరిచాడు. పాతది విప్పాడు, కొత్తది డబ్బాలోంచి తీశాడు. ఈసారి ఆనందం దాన్ని చేతిలోకి తీసుకోలేదు. తడమలేదు.

"దారాలు మళ్లీ కట్టమంటారా? ఫ్యాన్‌కి దూరంగా, రేకు లోపలి వైపు కడతాను."

"వద్దు."

"సెంటిమెంటు కదండీ. అమ్మగారు ఏమైనా అనుకుంటారు."

"అవి దేవుని దారాలు కావు సారు" అన్నాడు ఆనందం. "నూలుకు వేసే గుర్తు అది. మీరు సామాన్లు మారుస్తరేమోనని కట్టిన. పూజా లేదు, ఏం లేదు. మా ఇంటామెకు ఎరుకే. నవ్వుతరని చెప్పింది గూడ."

సాంబమూర్తి చేతిలో స్క్రూ ఆగింది. తర్వాత ఆ స్క్రూ బిగించాడు. రెండోది బిగించాడు. మూడోది, నాలుగోది. తెల్ల స్టిక్కర్ తీసి ఫ్యాన్ పక్కన అంటించి, ఎప్పటిలాగే తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాడు. కరెంటిచ్చి, ఫ్యాన్ తిరిగేది చూసి, ఆర్పేసి రేకు మూశాడు. ఆనందం ఆ చేతుల్ని చూస్తూ నిలబడ్డాడు. కోప్పడితే బాగుండుననిపించింది. కనీసం నవ్వినా బాగుండును.

"మాఫ్ చెయ్యుండ్రి సారు" అన్నాడు.

సాంబమూర్తి కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. అద్దాలు లేని ఆ కళ్లు బాగా అలసిపోయి ఉన్నాయి.

"అనేటప్పుడు నలుగురూ ఉన్నారండి" అన్నాడు. "ఇప్పుడు మనిద్దరమే ఉన్నాం."

ఆ మాటలో విసురు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టే చెప్పి, మిషన్ మీద దుమ్ము తుడిచి, దుప్పటి ఆయన వైపు జరిపాడు. రాధమ్మ పెట్టిన కుంకుమ బొట్టును మాత్రం తువ్వాలు తగలకుండా వదిలేశాడు.

ఆనందం మూట భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఇరవై నాలుగు మెట్లు. మొదటి మలుపు దగ్గర, ఇంటికి పోయి పని చూసుకోవాలి, ఆరు రోజులు కూడా లేవు అనుకున్నాడు. రెండో మలుపు దగ్గర, అయినా ఆయనే తప్పు ఒప్పుకున్నాడు కదా, అందరూ మర్చిపోతారు అనుకున్నాడు. మర్చిపోరని ఆయనకు తెలుసు. ఇంకెవరి మిషన్ ఆగినా సైదులుకు ఈ దుకాణమే గుర్తొస్తుంది. మళ్లీ నలుగురు మెట్లెక్కుతారు. అప్పుడు వాళ్ల చేతిలో సాంబమూర్తి ఒప్పుకున్న తప్పు ఒకటి ముందే ఉంటుంది.

కింద షామియానాలో సైదులు చాప మీద చోటు చేశాడు. "అయిందా బావా? మంచిగ నడుస్తుందా?"

"నడుస్తుంది" అని ఆనందం మూటను జాగ్రత్తగా చాప మీద దించాడు. హెడ్‌మాస్టరు చేతిలో మైకు ఉంది. దారిన పోయేవాళ్లను కూడా పిలిచి రెండు మాటలు మాట్లాడమనడం ఆ శిబిరంలో అలవాటు. వారంగా అటూ ఇటూ పోతున్నా, ఆనందం ఒక్కసారీ ఆ దరిదాపుల్లోకి రాలేదు. ఎవరి మైకులో ఏముందో అని.

"సార్, జర నాకిస్తరా?" అన్నాడు.

సైదులు ముచ్చటపడిపోయాడు. "మా బావ, చిటికి చీరల డిజైనరు. మాట్లాడుతడు" అని పక్కవాళ్లకు చెప్పాడు. కూర్చున్నవాళ్లు సర్దుకుని ఇటు తిరిగారు.

మైకు చేతికి వచ్చాక, అది పనిచేస్తోందో లేదో నమ్మకం కుదరక, ఆనందం ముందు దాన్ని వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు. స్తంభం మీది హారన్ రెండో అంతస్తు కిటికీకి ఎదురుగా టక్ టక్‌మంది. ఆయన రెండో చేయి జేబులో పెట్టి మూడు ఎర్రపోగులూ బయటికి తీసి, అందరికీ కనబడేలా పైకి పట్టుకున్నాడు.

"ఇవి పూజ దారాలు కావు" అన్నాడు.